నాన్నగారు ఇంగ్లీషులో అన్న మాట

ఈసారి ఉత్తరం ఒక నలభై ఏళ్ళ పాఠకుడిది. పేరూ ఊరూ రాయవద్దని కోరారు. ఆయన చెప్పిన సంగతి క్లుప్తంగా ఇది.

ఆయన బీమా కంపెనీలో ఉద్యోగి. భార్య ప్రభుత్వ జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతారు. నాలుగేళ్ళ క్రితం ఆమెకు పుట్టింటి ఊరికే బదిలీ అయింది. చేతికందబోతున్న ప్రమోషన్ వదులుకుని ఆయన కూడా ఆ ఊరికే మార్పించుకున్నారు. అత్తగారింటి మేడమీది వాటాలో అద్దెకు ఉంటున్నారు. ఆమె ఎనిమిదిన్నరకల్లా బస్సు ఎక్కాలి కనుక పొద్దుటి వంట ఆయనదే. తండ్రి ముప్పై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తల్లి పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి తండ్రి సొంత ఊళ్ళో ఒక్కరే ఉంటున్నారు. ఆయనకు కంటి శుక్లం ఆపరేషన్ చేయించవలసి ఉంది.

రెండు నెలల క్రితం తమ్ముడి గృహప్రవేశం. భోజనాలయ్యాక హాల్లో కూర్చుని ఉండగా బంధువుల్లో పెద్దాయన ఒకరు, "నాన్న దగ్గరికి ఎప్పుడు వచ్చేస్తావు?" అని అడిగారు. "ఆవిడ ఉద్యోగం ఉంది కదండీ, ఆవిడను అడిగి చెప్పాలి" అన్నారు ఈయన. పక్కనే ఉన్న తండ్రి, "మావాడు అక్సోరియస్ లెండి" అన్నారు. ఆ మాట ఎవరికీ తెలియదు. పిన్నిగారు దాన్ని లగ్జూరియస్ అనుకుని, "అవును, కొత్త కారు కూడా కొన్నారుగా" అంటే అందరూ నవ్వారు. ఈయన పెరట్లోకి వెళ్ళి ఫోనులో నిఘంటువు తెరిచారు. భార్య మీద మితిమీరిన ప్రేమ గలవాడు, ఆమెకు లోబడి ఉండేవాడు అని కనిపించింది.

తిరుగు ప్రయాణంలో భార్య అర్థం అడిగితే, "భార్యను బాగా ప్రేమించేవాడని" చెప్పారు. ఆమె పొంగిపోయారు. మామగారి నోట అంత మంచి మాట వచ్చిందని తల్లికి చెప్పుకున్నారు. తన ఫోనులో భర్త పేరు తీసేసి ఆ మాటే పెట్టుకున్నారు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఈయన ఫోను చేసినప్పుడల్లా స్టాఫ్ రూములో బల్ల మీద ఆ మాట వెలుగుతుంది. పక్క కుర్చీలో కూర్చునేది ఇంగ్లీషు అధ్యాపకురాలు.

"ఆ మాట తిట్టా, పొగడ్తా? నేను నిజంగా అలాంటివాడినేనా? నాన్నగారిని అడగాలా? నా భార్యకు నిజం చెప్పాలా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

*

ముందు మాట సంగతి చూద్దాం. పెరట్లో నిలబడి, కళ్ళు మసకబారుతుండగా చదివిన ఒక్క వరుసతోనే మీకు దానితో పరిచయమైంది. ఆ మాట చరిత్ర ఆ వరుసకంటే చాలా పెద్దది.

లాటిన్‌లో 'ఉక్సోర్' అంటే భార్య. దాని నుంచి వచ్చిన విశేషణం 'ఉక్సోరియుస్'. మొదట దానికి భార్యకు సంబంధించినదని మాత్రమే అర్థం. అందులో మెచ్చుకోలూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. రోమన్ చట్టంలో 'రెస్ ఉక్సోరియా' అంటే భార్య తెచ్చిన కట్నం. పెళ్ళి ముగిసిపోతే ఆ సొమ్ము రాబట్టుకోవడానికి వేసే దావా కూడా ఆ పేరుతోనే ఉండేది. 'ఐస్ ఉక్సోరియుమ్' అని మరొకటి ఉండేది. అది పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన మగవాళ్ళు రోమ్ ఖజానాకు కట్టిన పన్ను. పిన్నిగారు విన్న లగ్జూరియస్ వేరే కుటుంబం, దాని మూలం విలాసమని అర్థమున్న 'లుక్సుస్'. చెవికి దగ్గరగా ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు.

ఆ నిష్పక్షపాతమైన అర్థం నేటికీ కొన్ని చోట్ల బతికే ఉంది. పెళ్ళయ్యాక భర్త వెళ్ళి భార్య వాళ్ళ ఊళ్ళో కాపురం పెట్టే ఆచారాన్ని మానవశాస్త్రజ్ఞులు 'అక్సోరిలోకల్' అంటారు. మన ఇల్లరికం ఆ కోవలోదే. కొన్ని తెలుగు రైతు కుటుంబాల్లో కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని ఆస్తిలో వాటా ఇచ్చే 'ఇల్లటం' ఆచారాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కోర్టులు గుర్తించాయి. ఆ తెలుగు మాట ఇంగ్లీషులో రాసిన హిందూ ధర్మశాస్త్ర గ్రంథాల్లోకి అలాగే వెళ్ళిపోయింది. మీది ఇల్లరికం కాదు, నెలనెలా అద్దె కడుతున్నారు. అయినా మేడమీది వాటా చూసినవాళ్ళు మిమ్మల్ని ఆ వరుసలోనే కూర్చోబెడుతూ ఉండవచ్చు. హాల్లో పెద్దాయన అడిగిన ప్రశ్నలోనే ఆ ధ్వని నాకు వినిపించింది.

మరి ఇది నింద ఎప్పుడైంది? దీనికి సాక్ష్యం మీ నాన్నగారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. రోమన్ మహాకవి వర్జిల్ కావ్యం 'ఈనియడ్' నాలుగో సర్గలో, ట్రాయ్ నుంచి తప్పించుకుని వచ్చిన ఈనియస్ కార్తేజ్ నగరంలో రాణి డైడో దగ్గర ఉండిపోతాడు. ఆమె నేసి ఇచ్చిన ఊదారంగు అంగవస్త్రం వేసుకుని, ఆమె నగరానికి కోటలూ ఇళ్ళూ కట్టిస్తుంటాడు. అప్పుడు దేవతల రాజు జూపిటర్ పంపిన దూత మెర్క్యురీ దిగివచ్చి, 'ఉక్సోరియుస్' అని అతణ్ణి దెప్పిపొడుస్తాడు. ఆడదాని కోసం ఊరు కడుతూ కూర్చున్నావు, నీ రాజ్యం, నీ పని మరిచిపోయావు అంటాడు. ఈనియస్ ఆ మాటతో ఓడలు సిద్ధం చేయిస్తాడు. డైడో తన ప్రాణం తానే తీసుకుంటుంది.

ఈ ఘట్టంలో మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ మాట డైడో అనలేదు. ఈనియస్ తన గురించి తాను అనుకోలేదు. అతడు అక్కడి నుంచి కదలాలని కోరుకున్నవాళ్ళు అన్నారు. మరో రోమన్ కవి హొరేస్ అదే విశేషణాన్ని రోమ్ నగరపు టైబర్ నదికి తగిలించాడు. భార్య ఇలియా దుఃఖం చూడలేక, జూపిటర్‌కు ఇష్టం లేకపోయినా ఆ నది గట్టు దాటి పొంగిందట. అక్కడా పైవాడి ఇష్టం వేరు, భార్య కన్నీరు వేరు. ఇంగ్లీషులోకి ఈ మాట 16వ శతాబ్దం చివర వచ్చింది. 1667లో అచ్చయిన తన కావ్యంలో ఇంగ్లీషు కవి మిల్టన్ బైబిల్లోని సొలొమోను రాజును ఈ మాటతోనే తప్పుపట్టాడు, భార్యల మాట విని పరాయి దేవుళ్ళకు మొక్కాడని. ఎక్కడ చూసినా ఇది మూడో మనిషి నోటి మాట. ఆ మూడో మనిషికి భర్త నుంచి ఏదో కావాలి, అది దొరకడం లేదు. 'మితిమీరిన' అన్నప్పుడు కొలత పట్టుకున్నది అతడే.

భర్తను అతిగా ప్రేమించే ఇల్లాలికి మరి ఇంగ్లీషులో మాట ఉందా? ఉండేది. 1607లో అచ్చయిన ఒక నాటకంలో జార్జ్ చాప్‌మన్ 'మారిటోరియస్' అని వాడాడు. అది నిలవలేదు. ఎవరికీ దాని అవసరం పడలేదని నా అభిప్రాయం. భార్య భర్తను ఎంత ప్రేమించినా ఫిర్యాదు చేసే మూడో మనిషి ఆ రోజుల్లో లేడు. మనకు మాత్రం ఎక్కడుంది? ఆమెకు పతివ్రత అన్న మాట ఉంది, చేతులు జోడించి అంటాం. అతనికి భార్యావిధేయుడు అన్న మాట ఉంది, పెదవి విరిచి అంటాం. రాముణ్ణి ఏకపత్నీవ్రతుడని కొలుస్తాం గాని, అది పరస్త్రీని కన్నెత్తి చూడనందుకు. భార్య మాట విన్నందుకు కాదు. అలాగని మన సాహిత్యానికి వేరే చూపు లేదని కాదు. తల మీద తన్నిన సత్యభామతో, నా ఒంటి పులకలు ముళ్ళై గుచ్చుకుని నీ పాదం నొచ్చి ఉంటుందే అని బాధపడిన కృష్ణుణ్ణి నంది తిమ్మన మనకు ఇచ్చాడు. 500 ఏళ్ళుగా ఆ పద్యాన్ని ముచ్చటపడుతూ చదువుకుంటున్నాం. కృష్ణుడి స్థాయి తగ్గిందని ఎవరూ అనలేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: ఆ మాటలో నింద ఉంది. అయితే నింద ఒక్కటే లేదు. 'గొప్ప' ప్రేమ, 'మితిమీరిన' ప్రేమ రెండింటినీ పక్కపక్కన పెట్టిన ఇంగ్లీషు నిఘంటువులు ఉన్నాయి. మీరు భార్యకు చెప్పింది పూర్తి అబద్ధం కాదు. సగం అర్థం.

ఇక మీరు అలాంటివారా? మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వంట చేస్తున్నందుకు మీరు కాదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున్నే పొయ్యి వెలిగించాలి. ప్రమోషన్ వదులుకున్నందుకూ కాదు. ఆ నిర్ణయం గురించి మీరు రాసిన పేరాలో ఎక్కడా విచారం లేదు, మీ అమ్మాయి చదువు కుదురుకుందన్న సంతోషమే ఉంది. వాటి గురించి ఎవరు ఏమన్నా మీరు తల వంచుకోనక్కరలేదు.

నేను ఆగిపోయింది వేరే చోట. "ఆవిడను అడిగి చెప్పాలి" అన్న మాట మీ ఉత్తరంలో ఆరుసార్లు వచ్చింది. తండ్రి ఆపరేషన్‌కు మొదటి తేదీ చెప్పినప్పుడు అదే మాట. రెండో తేదీకీ అదే మాట. ఆ వెంటనే మీరే ఇలా రాశారు: "రెండో తేదీ సంగతి ఆమెకు నేను చెప్పనేలేదు." ఈ వాక్యాన్ని మీరు దాచాలనుకోలేదు, అందుకు మీ మీద గౌరవం కలిగింది. కానీ దాని అర్థం చూడండి. ఆమెను అడగకుండానే ఆమె పేరు అడ్డం పెట్టారు. మీ నాన్నగారు అనుకున్నట్టు మీరు ఆమె మాటకు లోబడి ఆగలేదు. ఆమె ఆ మాట అననే లేదు. విశేషణం మీకు తగిలింది గాని, నేరం ఆమె ఖాతాలో పడింది. ఊళ్ళో ఉన్న ప్రతి బంధువూ ఈపాటికి, కోడలు రానివ్వడం లేదట అనుకుని ఉంటారు. ఆమె ఏమో మామగారు మెచ్చుకున్నారని ఫోనులో పేరు మార్చుకున్నారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

ఎందుకు అలా చేశారో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. అమ్మ పోయాక ఆ ఇంటి వంటగదిలో కాలు పెట్టలేకపోతున్నానని, ఒక్క రాత్రి పడుకున్నా నిద్ర పట్టదని రాశారు. ఆపరేషన్ అంటే వారం పది రోజులు అక్కడ ఉండాలి, వేళకు కంట్లో చుక్కలు వేయాలి, ఆ వంటగదిలోనే వండాలి. మీరు తప్పించుకుంటున్నది తండ్రిని కాదు, అమ్మ లేని ఆ ఇంటిని. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు. కానీ ఈ మాట తండ్రితో చెప్పడం కష్టం, "ఆవిడను అడగాలి" అనడం తేలిక.

ఇప్పుడు నాన్నగారి వైపు చూద్దాం. ఆయన తెలుగులో అనగలరు. భార్యావిధేయుడన్నా, కొంగు పట్టుకు తిరుగుతాడన్నా హాలంతా గొల్లుమనేది, వంటింట్లో ఉన్న మీ భార్యకు కూడా అర్థమయ్యేది. ఆ గదిలో ఎవరికీ అందని, మీరు మాత్రం వెతికి తెలుసుకునే మాట ఏరుకున్నారు. దీన్ని రెండు విధాలుగా తీసుకోవచ్చు. నలుగురిలో కొడుకును కించపరచాలన్న కోపాన్ని చదువు చాటున దాచుకున్నారని ఒకటి. కోడలు నొచ్చుకోకుండా, కొడుక్కి మాత్రమే చేరేలా ఒక మాట వేశారని మరొకటి. రెండూ కొంత కొంత నిజమై ఉండవచ్చు. మీ అమ్మగారి కళ్ళజోడు ఆయన బల్ల మీదే ఉందని, రోజూ తుడిచి పెడతారని మీరు ఏదో వింతగా రాశారు. నాకు అది వింతగా తోచలేదు. భార్య పోయి రెండేళ్ళయినా ఆమె కళ్ళజోడు మీద దుమ్ము పడనివ్వని మనిషి, కొడుకు భార్యను ప్రేమిస్తున్నాడని బాధపడతారా? ఆయన బాధ వేరు. శుక్లాలు ముదిరిన కళ్ళతో ఆ కళ్ళజోడు కూడా ఆయనకు సరిగా కనిపించడం లేదేమో.

ఆయనను అడగాలా అంటే, అడగవచ్చు. ఎప్పుడు, ఎలా అన్నదాని మీద ఫలితం ఆధారపడుతుంది. ఆపరేషన్ తేదీ తేల్చకుండా, "నలుగురిలో నన్ను అంత మాట అంటారా" అని మొదలుపెడితే ఆయన రెండు వాయిదాలు లెక్క చెబుతారు, మీ దగ్గర జవాబు ఉండదు. ఆ సంభాషణ మీ భార్య పేరు చుట్టూ తిరిగి ఆగిపోతుంది. అసలు అడగకపోతే ఇప్పటికి ప్రశాంతంగానే ఉంటుంది. కానీ వచ్చే శుభకార్యంలో అదే మాట ఎవరో తెలుగులో అంటారు, ఈసారి ఆమె ముందే. ఇంకో దారి ఉంది. తేదీ ఖాయం చేసి, సెలవు పెట్టి వెళ్ళి, ఆయన పక్కన ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, "నాన్నగారూ, ఆ మాట ఎక్కడిది?" అని విద్యార్థిలా అడగడం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి ఆ ప్రశ్నను వదలరు. పాఠం చెబుతూనే తన మాట బరువు తనే చూసుకునే అవకాశం ఉంది. చూసుకోకపోవచ్చు కూడా. అప్పుడు మీరు చెప్పవలసింది ఒకటే: "వాయిదా వేసింది నేను, ఆమె కాదు." క్షమాపణ వచ్చినా రాకపోయినా ఆ వాక్యం ఆయన చెవిన పడాలి. నా దృష్టిలో ఈ ఉత్తరం మొత్తంలో అంతకంటే ముఖ్యమైన పని లేదు.

ఆయన కథ చెప్పడం మొదలుపెడితే ఈనియస్ ట్రాయ్ విడిచిన రాత్రి గురించి కూడా అడగండి. మెర్క్యురీ చేత ఆ మాట పడ్డ ఈనియస్, మండుతున్న ఊరి నుంచి ముసలి తండ్రిని భుజాల మీద ఎత్తుకుని బయటపడ్డవాడు. కొడుకు చేయి పట్టుకున్నాడు. భార్య క్రెయూసాను వెనక నడిచి రమ్మన్నాడు. ఊరి బయటికి చేరి చూసుకుంటే తండ్రి ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, ఆమె లేదు. వెతుక్కుంటూ వెనక్కి పరుగెత్తినవాడికి ఆమె నీడ మాత్రమే ఎదురైంది. అతణ్ణి భార్యాదాసుడన్న కావ్యంలోనే ఇది కూడా ఉంది. ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పిన మీ నాన్నగారికి ఈ ఘట్టం తెలియకుండా ఉండదు.

చివరిగా మీ భార్య. ఆమెకు చెప్పకుండా ఉండిపోవచ్చు. స్టాఫ్ రూములో ఎవరూ ఆ మాట చూడకపోవచ్చు, చూసినా మర్యాదకు ఊరుకోవచ్చు. కానీ ఏదో ఒక రోజు ఆ ఇంగ్లీషు అధ్యాపకురాలు నవ్వుతూ అర్థం చెబితే, మామగారి మాట కంటే మీరు దాచినందుకే ఆమె ఎక్కువ బాధపడతారు. తల్లికి కూడా గొప్పగా చెప్పుకున్నారు కదా. అర్థం మాత్రమే చెప్పి ఊరుకోవడం మరో దారి. అప్పుడు కోపమంతా మామగారి మీదికి పోతుంది. మీరు తేలికపడతారు, వాళ్ళిద్దరి మధ్య మాటలు తగ్గుతాయి. అది మళ్ళీ ఒకరి చాటున మీరు నిలబడడమే అవుతుంది. మూడోది కష్టమైన దారి: మాట పూర్తి అర్థం, ఆ మాట వచ్చిన సందర్భం, ఆమెను అడగకుండా ఆమె పేరు వాడిన సంగతి, మూడూ కూర్చున్న చోటే ఒకేసారి చెప్పడం. ఆమె అలగవచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. "అడిగి ఉంటే నేనే సెలవు పెట్టి వచ్చేదాన్ని" అనవచ్చు, అది వినడం అన్నిటికంటే కష్టం. నేనైతే ఈ మూడో దారినే, అది కూడా నాన్నగారి దగ్గరికి వెళ్ళకముందే ఎంచుకుంటాను. మీ ఇంటి గాలి నాకంటే మీకు బాగా తెలుసు, ముందువెనకలు మీరు నిర్ణయించుకోండి.

చెప్పేటప్పుడు ఆమెను సంతోషపెట్టిన ఆ సగం అర్థాన్ని వెనక్కి తీసుకోకండి. అది నిజమే కదా. ఇక ఫోనులో పేరు ఉంచుకోవాలా, తీసేయాలా అన్నది ఆమె ఇష్టం. దాని గురించి మీరు అడగవద్దు.